ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ కథ చెప్తే గైడ్ జవాబులే వస్తున్నయ్: కథని ఎట్లా వాడాలె?

ప్రశ్న: ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్, హనుమకొండ జిల్లా

అందరికీ నమస్తే. జడ్పీ హైస్కూల్, ఎనిమిదో తరగతి, 38 మంది. రీడర్‌లో కథ వచ్చిన ప్రతిసారీ వరస ఒకటే. నేను ఒక్కో లైన్ చదివి తెలుగులో చెప్తా, పిల్లలు బుద్ధిగా వింటరు, నవ్వాల్సిన చోట నవ్వుతరు. మర్నాడు ఏం జరిగిందో ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు చెప్పమంటే నోరు విప్పరు. రాయమంటే గైడ్‌లో ఉన్నది ఉన్నట్టు దించుతరు.

2022–23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం అయ్యింది కదా. సైన్స్, సోషల్ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటది, పిల్లల చూపు తెలుగు పేజీ దాటదు. ఆ ఆసరా లేకుండా ఇంగ్లిష్ ముఖం చూసేది ఇంగ్లిష్ పీరియడ్‌లోనే. అందుకే ఈ పీరియడ్‌ని వృథా చేయబుద్ధి కాదు.

చిన్న కథలతో భాష నేర్పినవాళ్లు చెప్పుర్రి. ఎంత పొడుగు కథ తీసుకోవాలె? ఎన్ని పీరియడ్లు పెట్టాలె? తెలుగు ఎంతవరకు వాడొచ్చు? గ్రామర్ ఎక్కడ కలపాలె? 38 మందిలో ఒక పది మంది అక్షరాలు కూడబలుక్కునే దగ్గరే ఉన్నరు, వాళ్లని ఏం చేయాలె?

జవాబు 1: హైస్కూల్ టీచర్, జనగామ

సార్, మీ దగ్గర కథ ఒక్కసారే జరుగుతున్నది, అదీ తెలుగులో. లైన్‌కి లైన్ తెలుగు చెప్పినంక పిల్లలకి కథ దొరికిపోతది, ఇక ఇంగ్లిష్ వాక్యం వైపు చూడాల్సిన పని వాళ్లకేం ఉంటది? ఒకే చిన్న కథని నాలుగైదు సార్లు, ప్రతిసారీ వేరే పనితోని ఎదురుపడనియ్యాలె. అట్లా అయితే పదాలు, వాక్యాలు చెవికి, నోటికి అలవాటైతయ్.

రీడర్ కథలు ఎనిమిదో తరగతికి ఒక్కపట్టున మింగుడుపడవు. ముందు మనమే రాసుకున్న చిన్న కథతో నెలకు రెండు సార్లు ఈ పద్ధతి నడిపించండి, తర్వాత రీడర్ కథకి అదే పద్ధతి పట్టించొచ్చు. పొడుగు 60 నుంచి 120 పదాలు. కథ వాళ్ల స్థాయికి సరిపోయిందా లేదా అనేది ఊహించొద్దు, కొలవండి. క్లాసులో నడిమి తరగతి పిల్లలు ముగ్గురికి కాగితం ఇచ్చి, తెలియని పదాల కింద గీత పెట్టమనండి. ఫస్ట్ వచ్చేవాళ్లకి ఇస్తే లెక్క తప్పుతది. హూ, పాల్ నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో చూపించింది ఏందంటే, ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే వందలో 98 పదాలు తెలిసి ఉండాలె. టీచర్ పక్కన ఉంటే 95 దాకా నడుస్తది. అంటే 65 పదాల కథలో తెలియనివి మూడు మించొద్దు. మించితే పదం మార్చండి, పిల్లల్ని అనొద్దు.

ఒక నమూనా కథ పెడుతున్న. ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్న గానీ బోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలె, పిల్లల్ని మాత్రం ఇట్లా తెలుగు లిపిలో రాసుకోనియ్యొద్దు. ఒకసారి అలవాటైతే ఇంగ్లిష్ స్పెల్లింగ్ వైపు కన్నెత్తి చూడరు.

అవ్వ అండ్ రాము వర్ సిట్టింగ్ ఎట్ ది బస్ స్టాప్.
రాము సెడ్, "ఐ పాస్డ్ ఇన్ ఆల్ సబ్జెక్ట్స్."
ఎ మంకీ టుక్ అవ్వాస్ బ్యాగ్.
అవ్వ షౌటెడ్.
ది మంకీ ర్యాన్ అండ్ క్లైమ్‌డ్ ఎ ట్రీ.
ఇట్ ఓపెన్డ్ ది బ్యాగ్.
ఇట్ త్రూ హర్ గ్లాసెస్ డౌన్, అండ్ రాము కాట్ దెమ్.
దెన్ ఇట్ త్రూ ఎ పేపర్ డౌన్, బట్ రాము డిడ్ నాట్ క్యాచ్ ఇట్.
ది పేపర్ ఫెల్ నియర్ హిజ్ టీచర్.
షి పిక్‌డ్ ఇట్ అప్.

పది వాక్యాలు, 65 పదాలు. బస్టాప్‌లో కోతి సంచి గుంజుకపోవుడు మన పిల్లలకి వివరించాల్సిన సంగతి కాదు, అందుకే అది పెట్టిన. ఆ పేపర్ ఏందో కథలో ఎక్కడా లేదు. కళ్లద్దాలని పట్టుకున్న రాము పేపర్‌ని ఎందుకు పట్టుకోలేదు? ఇది ప్రోగ్రెస్ కార్డు అని పిల్లలే కనిపెట్టాలె. గైడ్‌లో జవాబు లేని ప్రశ్న కథకి ఒక్కటన్నా ఉండాలె.

45 నిమిషాల పీరియడ్లు మూడు పడతయ్.

మొదటి పీరియడ్‌లో కాగితం ఇయ్యొద్దు, పుస్తకం తెరవొద్దు. ముందు రెండు పదాలు చెప్పండి: గ్లాసెస్, పేపర్. ఇవి తెలిసినట్టే కనిపించి ముంచుతయ్. తెలుగులో గ్లాస్ అంటే నీళ్లు తాగేది, పేపర్ అంటే పొద్దున వచ్చేది లేకపోతే పరీక్షది. కోతి చెట్టు మీదికెల్లి నీళ్ల గ్లాసులు ఇసిరేసింది అనుకుంటరు. తర్వాత బోర్డు మీద చెట్టు, సంచి, బస్టాప్ గీసి, సైగలతోని కథ నోటితో చెప్పండి. 'దెన్ ఇట్ త్రూ ఎ పేపర్ డౌన్' దగ్గర ఆగండి. ఇప్పుడేమైతదో అడగండి. పిల్లలు తెలుగులో చెప్తరు, చెప్పనియ్యండి. "రాము పట్టుకుంటడు సార్" అంటే "యెస్, రాము విల్ క్యాచ్ ఇట్, యు థింక్" అని వాళ్ల మాటనే ఇంగ్లిష్‌లో తిరిగి అని బోర్డు మీద రాయండి. మూడు ఊహలు రాసినంక మిగతాది చెప్పండి. ఆ తర్వాత అదే కథ ఇంకోసారి, ఈసారి కావాలని మూడు తప్పులతో: మంకీ బదులు డాగ్, ట్రీ బదులు బస్, టీచర్ బదులు డ్రైవర్. తప్పు వినబడంగనే చెయ్యెత్తి సరిచేయాలె. కిందటిసారి నిద్రపోయినోడు కూడా దీనికి మేల్కొంటడు. చివరి ఎనిమిది నిమిషాలు కాగితం ఇచ్చి, మౌనంగా చదవమనండి, ఒక్క ప్రశ్నతో: 'వై డిడ్ రాము నాట్ క్యాచ్ ది పేపర్?' ఇద్దరికొక కాగితం అంటే 19 కాపీలు, ఏ4 ఒక్కటి సగానికి చింపితే మొత్తం పది షీట్లు.

రెండో పీరియడ్ చీటీల పని. పది వాక్యాలు పది చీటీలు. నలుగురి గ్రూపులు ఏడు, ఐదుగురివి రెండు చేస్తే 38 సరిపోతది. చీటీల మీద నంబర్లు వేయొద్దు. ఇక్కడ చెడేది ఎక్కడంటే, చీటీలన్నీ నేల మీద పరిస్తే గ్రూపులో చురుకైన పిల్ల ఒక్కతే అమర్చేస్తది, మిగతావాళ్లు చూస్తరు. ఆటలో పంచినట్టు పంచండి: నలుగురైతే 3, 3, 2, 2, ఐదుగురైతే తలా రెండు. చీటీ ఎవరికీ చూపించొద్దు, చదివి వినిపించాలె అంతే. విని, మాట్లాడుకుని, వరుస ఒప్పుకున్నంకనే కింద పెట్టాలె. అప్పుడు గొంతు అందరిదీ లేస్తది.

మూడో పీరియడ్ రాత. కథని కోతి నోటితో చెప్పాలె: 'ఐ టుక్ అవ్వాస్ బ్యాగ్.' ఇట్ అన్నచోట ఐ వస్తది, మిగతా కథ అంతా దాని చుట్టూ మారుతది. గైడ్ నుంచి దించుడు కుదరదు.

ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వేలు పెట్టి చూసే పద్ధతి మాత్రం మానేయండి సార్. ఒక్కడు చదువుతడు, 37 మంది తమ వంతు ఏ లైన్‌కి వస్తదో లెక్కపెట్టుకుంటరు. దానికి బదులు మీరు ఒక ముక్క అంటే అందరూ ఒకేసారి అనాలె, తర్వాత జంటలుగా చదువుకోవాలె.

జవాబు 2: రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్, కరీంనగర్

జనగామ టీచర్ గారి పద్ధతి బాగుంది. గ్రామర్ సంగతి నేను చెబుతాను. కథ గ్రామర్‌కు చాలా మంచి చోటు. ఎందుకంటే తెలుగు కథ చెప్పే తీరూ ఇంగ్లిష్ కథ చెప్పే తీరూ సరిగ్గా మూడు నాలుగు చోట్ల విడిపోతాయి, పిల్లల తప్పులు చాలావరకు అక్కడే పడతాయి. ఆ చోట్లు తెలిస్తే పాఠం ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

మొదటిది, అన్నిటికన్నా పెద్దది. తెలుగులో "కోతి సంచి గుంజుకొని, ఉరికి, చెట్టెక్కి, విప్పింది" అంటాం. నాలుగు పనులు ఉన్నా కాలం చెప్పేది చివరి మాట ఒక్కటే. గుంజుకొని, ఉరికి, ఎక్కి అనేవి అసమాపక క్రియలు, వాటికి కాలం లేదు. పిల్లవాడు అదే అచ్చు ఇంగ్లిష్‌లోకి పోస్తాడు: 'మంకీ టేక్ ది బ్యాగ్, రన్, క్లైమ్ ది ట్రీ, ఓపెన్డ్.' చివరిది ఒక్కటే సరిగ్గా రాశాడు చూడండి. ఇది అజాగ్రత్త కాదు, తెలుగు న్యాయం. ఎర్ర గీతలు పెడితే పోదు. బోర్డు మీద తెలుగు వాక్యం రాసి, కాలం చెప్పే మాటలెన్నో లెక్కపెట్టించండి: ఒకటి. కింద ఇంగ్లిష్ వాక్యం రాసి లెక్కపెట్టించండి: టుక్, ర్యాన్, క్లైమ్‌డ్, ఓపెన్డ్, నాలుగు. తెలుగులో రైలుకు ఇంజన్ ఒక్కటే, ఇంగ్లిష్‌లో ప్రతి పెట్టెకూ ఇంజన్ ఉండాలి అంటే కాజీపేట రైల్వే జంక్షన్ పరిసరాల పిల్లలకు చటుక్కున తగులుతుంది. తర్వాత వాళ్ల సొంత తెలుగు వాక్యాలు ఐదు తెచ్చి మార్పించండి. రోజూ చేసే పనులే చాలు: లేచి, స్నానం చేసి, తిని, బడికి వచ్చాను.

రెండోది 'అని'. రాము ఏమన్నాడు అని అడిగితే 'రాము టోల్డ్ దట్ ఐ పాస్డ్' అని రాస్తారు. తెలుగులో "నేను పాసయ్యాను అని చెప్పాడు" అన్నప్పుడు ఆ నేను అంటే రామే. అని అనే మాట ఎదుటివాడి మాటను చెక్కుచెదరకుండా మోసుకొస్తుంది. ఇంగ్లిష్‌లో దట్ అలా మోయదు, ఐ అంటే రాసేవాడే అయిపోతాడు. కాబట్టి డైరెక్ట్, ఇండైరెక్ట్ అని నియమాల పట్టిక ముందే దించవద్దు. మొదట కొన్ని వారాలు కొటేషన్ గుర్తులతోనే రాయించండి, అది తప్పు కాదు, కథకు అందం కూడా. తర్వాత ఐ మీద సున్నా చుట్టి, ఆ ఐ ఎవరో బాణం గీయించండి. బాణం రాము దగ్గరకు వెళ్లిందా, అక్కడ హి. ఈ ఒక్క పని వచ్చాక కాలం మార్చడం నేర్పవచ్చు. సెడ్, టోల్డ్ తేడా కూడా అప్పుడే: టోల్డ్ పక్కన వినేవాళ్లు ఉండాలి, రాము టోల్డ్ అవ్వ.

మూడోది ఎ, ది. పై కథలో మొదట ఎ మంకీ, తర్వాత ది మంకీ. తెలుగు కథ కూడా "ఒక కోతి... ఆ కోతి" అని నడుస్తుంది కాబట్టి ఒక అనదగ్గ చోట ఎ, ఆ అనదగ్గ చోట ది అని మొదలుపెట్టవచ్చు. అయితే తెలుగులో ఒక తప్పనిసరి కాదు. "కోతి వచ్చింది" అన్నా చాలు, అందుకే పిల్లలు 'మంకీ కేమ్' అని వదిలేస్తారు. ఈ కిటుకు అన్నిచోట్లా పనిచేయదని కూడా చెప్పండి. ఈ కథలోనే మొదటి వాక్యంలో బస్ స్టాప్ ముందు ది ఉంది, అక్కడ ఆ అని ఎవరూ అనరు.

కర్త ఎగిరిపోవడం ఇంకొకటి. "వచ్చింది" అంటే తెలుగులో అవ్వ కావచ్చు, కోతి కావచ్చు, బస్సు కావచ్చు. ఇంగ్లిష్‌లో షి, ఇట్ చెప్పక తప్పదు. చీటీల ఆటలో 'ఇట్ ఓపెన్డ్ ది బ్యాగ్' చీటీ వచ్చినప్పుడు ఆ ఇట్ ఎవరు అని అడగండి, చాలు.

ఉచ్చారణ గురించి ఒక మాట. ఈడీ చివర వచ్చే మాటలు ఈ కథలో ఐదు ఉన్నాయి. పాస్డ్, పిక్‌డ్ చివర ట శబ్దం, క్లైమ్‌డ్, ఓపెన్డ్ చివర డ శబ్దం. షౌటెడ్‌లో మాత్రమే ఇడ్ అని విడిగా పలుకుతుంది, ముందున్నది ట కాబట్టి. మన పిల్లలు అన్నిటికీ ఎడ్ తగిలించి పాసెడ్, ఓపెనెడ్ అంటారు. ఐదింటినీ మూడు గుంపులుగా విడదీయమంటే ఐదు నిమిషాల పని. క్లైమ్‌లో బీ పలకదని అప్పుడే చెప్పండి.

ఒక్క కథకు ఇవన్నీ పెట్టవద్దు. ఒక కథకు ఒక అంశం. అన్నీ పెడితే కథ చచ్చిపోయి గ్రామర్ పాఠం మిగులుతుంది.

జవాబు 3: ఎస్‌జీటీ, ములుగు

సార్, మీరు చెప్పిన ఆ పది మంది గురించి రాస్తున్న. వాళ్లని పక్క బెంచీలో కూర్చోబెట్టి ఏబీసీడీలు దిద్దించొద్దు. వినుడు, చెప్పుడు వాళ్లకి చేతనైతది. మొదటి పీరియడ్ పని అంతా చెవితోనే కాబట్టి అందులో వాళ్లు ఎవరికీ తక్కువ కారు. తప్పులు పట్టే ఆటలో చాలాసార్లు వాళ్లే ముందు చెయ్యెత్తుతరు.

రెండో పీరియడ్‌లో చీటీలు పంచేటప్పుడు చూసి పంచండి. 'అవ్వ షౌటెడ్', 'ఇట్ ఓపెన్డ్ ది బ్యాగ్', 'షి పిక్‌డ్ ఇట్ అప్' చిన్న చీటీలు. వీటిని వాళ్లకి ఇయ్యండి. పన్నెండు పదాల 'దెన్ ఇట్ త్రూ...' చీటీ వాళ్ల చేతికి పోతే అక్కడే గ్రూపు ఆగిపోతది, పక్కోడు గుంజుకుని చదువుతడు, ఇక ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. ముందురోజు సాయంత్రమో, ప్రేయర్‌కి ముందో ఆ చిన్న వాక్యం ఒక్కటి నాలుగుసార్లు చదివించి పంపితే ఇంకా మంచిది.

రాతకి వాళ్లకి ఆరు గడుల కాగితం. ప్రతి గడిలో బొమ్మ వాళ్లే గీస్తరు, కింద ఒక్క పదం బోర్డు మీద చూసి రాస్తరు: టుక్, ర్యాన్, క్లైమ్‌డ్, త్రూ, కాట్, ఫెల్. ఆ కాగితం పట్టుకుని కథ నోటితో చెప్పాలె. ఇందులో కాట్, త్రూ స్పెల్లింగ్‌లని అక్షరం అక్షరం కూడబలికించొద్దు, బొమ్మలాగా చూసి గుర్తుపట్టాల్సిన పదాలు అవి.

తెలుగు విషయంలో నాది జనగామ సార్ కన్నా కొంచెం వేరే మాట. ఊహలు తెలుగులో చెప్పనియ్యండి, ఒప్పుకుంట. కానీ కథ అయినంక ఒకసారి పిల్లలతోనే తెలుగులో కథ చెప్పించండి, రెండు నిమిషాలు. టీచర్ చెప్పొద్దు. కోతి సంచిని ఎందుకు ఇచ్చేసిందని ఎవరన్నా అంటే, కథలో కోతి సంచి ఇయ్యనే లేదని మిగతావాళ్లు పట్టుకుంటరు. ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో అక్కడ బయటపడతది. ఇది లేకపోతే తల ఊపేవాళ్లని చూసి అందరికీ అర్థమైందనుకుంటం.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసిన అందరికీ వందనాలు. రెండు అడుగుత. మార్కులు ఎట్లా వేయాలె? కథలు ఎక్కడినుంచి తేవాలె? ప్రతిసారీ రాసుకునుడు నాకు కష్టం.

జవాబు 1: హైస్కూల్ టీచర్, జనగామ

పదికి వేయండి. సంఘటనలు వరుసగా వచ్చినయా, దానికి నాలుగు. పాస్ట్ టెన్స్ క్రియలకి మూడు. దెన్, బట్, సో లాంటి కలిపే మాటలకి రెండు. సొంతంగా ఒక్క వాక్యం చేర్చితే ఒకటి. స్పెల్లింగ్‌కి మార్కు తీయొద్దు, టుక్ బదులు టేక్ అని రాస్తే తీయండి. బట్టీని పట్టాలంటే కథలో ఒక్క ముక్క మార్చి అడగాలె: రాము పేపర్‌ని పట్టుకున్నడు, ఇప్పుడు రాయండి. బట్టీ పట్టినోడు పాత కథే రాస్తడు, సున్నా వేయొద్దు గానీ మూడు దాటనియ్యొద్దు. ఒకే రోజు 38 మందిని మాట్లాడించి మార్కులు వేసుడు కుదరదు. పీరియడ్‌కి ఆరుగురు చొప్పున ఏడు పీరియడ్లలో అయిపోతరు, మిగతావాళ్లు రాతలో ఉండంగ చేయొచ్చు.

జవాబు 4: డైట్ (జిల్లా టీచర్ ట్రైనింగ్ సంస్థ) ఫ్యాకల్టీ

కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి. ఉచితం, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మూలం పేర్కొంటే మార్చుకోవచ్చు, ముద్రించుకోవచ్చు. పుస్తకాలు నాలుగు లెవెళ్లలో ఉంటాయి. మీ ఎనిమిదో తరగతికి మొదట లెవెల్ ఒకటి, రెండు పట్టండి. చిన్నపిల్లల బొమ్మల కథ అని ముఖం చిట్లించే పిల్లలుంటారు. వాళ్లకు "ఈ కథను ఒకటో తరగతి వాళ్లకు చదివి వినిపించాలి" అని పని చెప్పండి, చదవడానికి కారణం దొరుకుతుంది. చాలా కథలకు తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉంటాయి. తెలుగుది ఇంగ్లిష్ పని అయ్యాకే ఇవ్వండి, ముందు ఇస్తే సైన్స్ పుస్తకంలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది.

పాత ఇంగ్లిష్ కథలు వాడదలిస్తే, రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటితే మన దేశంలో కాపీరైట్ ఉండదు, కుదించి రాసుకోవచ్చు. కుదించేటప్పుడు వాక్యాలు కత్తిరించుకుంటూ పోతే కథ అతుకుల బొంతవుతుంది. కథ చదివి, పుస్తకం మూసి, పదిహేను వాక్యాల్లో మీరే మళ్లీ చెప్పండి. చివరి మలుపుకు ఆధారమైన చిన్న వివరం మొదటి సగంలో ఉందో లేదో చూసుకోండి, కుదింపులో ముందు పోయేది అదే.

క్లాసులో ఒక మూల పుస్తకాల తాడు కట్టి, బట్టల క్లిప్పులతో 20 కథలు వేలాడదీసినా మొదలైనట్టే. ఫిజీ పల్లెబడుల్లో 1980ల మొదట్లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అనే పరిశోధకులు క్లాసుకు 250 ఇంగ్లిష్ కథల పుస్తకాలు ఇచ్చి, రోజూ 20, 30 నిమిషాలు వాటితో గడిపించారు. మొదటి ఏడాది ఆ పిల్లల చదువు మామూలు క్లాసులకన్నా రెట్టింపు వేగంతో నడిచింది. అవీ ఇంగ్లిష్ మాతృభాష కాని ఊళ్లే.

ప్రశ్న అడిగినవారు

కోతి కథతోనే సోమవారం మొదలుపెడుతున్న. లెక్చరర్ గారు చెప్పినట్టు ఈసారికి ఇంజన్ల లెక్క ఒక్కటే పెడత, 'అని' సంగతి రెండో కథకి. ములుగు మేడం, చిన్న చీటీలు మూడే ఉన్నయ్, పది మందికి చాలవు. ఏం చేయాలె?

జవాబు 3: ఎస్‌జీటీ, ములుగు

చాలుతయ్ సార్. తొమ్మిది గ్రూపులు అంటే తొమ్మిది సెట్లు, ఒక్కో సెట్‌లో మూడు చిన్న చీటీలు, మొత్తం 27. పది మందిని గ్రూపుకి ఒక్కరు చొప్పున విడదీయండి, పదో పిల్లని ఐదుగురి గ్రూపులో రెండోదిగా కలపండి. నలుగురి గ్రూపులో వాళ్ల వంతు రెండు చీటీలే ఉండాలె, అవి చిన్న చీటీల్లో ఏవైనా రెండు. ఇద్దరున్న గ్రూపులో ఒక్కరికి రెండు చిన్నవి, ఇంకొకరికి మిగిలిన చిన్నది, దాంతోపాటు 'ఎ మంకీ టుక్ అవ్వాస్ బ్యాగ్' చీటీ. చీటీలు మీరే ముందుగా కవర్లలో పెట్టి, మీద పేరు రాసి తెచ్చుకోండి, క్లాసులో పంచుతూ కూర్చుంటే పది నిమిషాలు పోతయ్.